ముల్తాతూలి: కాఫీ దళారి చేతికి వచ్చిన కాగితాల మూట

మా ఊరు బందరు. బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట ఎవరి పేరున వెలిశాయో చిన్నప్పుడే ఊహించుకోగలిగాం కాని, ఈ ‘వలందు’ ఎవరో నాకు చాలాకాలం తెలియలేదు. ఏదో ఇంటిపేరనుకునేవాణ్ణి. హాలండు దేశస్థుల్నే మన పెద్దలు వలందులు, ఒలందులు అనేవారని కాలేజీలో చేరిన తరవాత చరిత్ర మేష్టారు చెప్పారు.

1605లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ బందరు రేవుకి వచ్చింది. మరుసటి ఏడు గోల్కొండ సుల్తానుతో ఒప్పందం కుదిరింది. ఆ తరవాత పులికాట్‌లో కోట కట్టారు, భీమునిపట్నంలో స్థావరం పెట్టారు. వాళ్ళకి కావలసింది మన నేతగాళ్ళ బట్టలు. ఆ బట్టల్లో చాలా భాగం జావాకి, మొలుక్కా దీవులకి పట్టుకెళ్ళి, అక్కడ మిరియాలకి, లవంగాలకి, జాజికాయలకి మారకం వేసేవారు. కరువు ఏళ్ళలో బట్టలతోపాటు మనుషుల్ని కూడా కొని, బానిసలుగా బతావియాకి, అంటే నేటి జకార్తాకి, పంపించారు. 1825లో ఈ తీరంలో మిగిలిన తమ స్థావరాలని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. బందరులో కొన్ని సమాధులు, ఒక పేట పేరు మిగిలాయి.

మన తీరం వదిలిన వలందులు జావాని మాత్రం వదల్లేదు. అక్కడ వాళ్ళు ఏం చేశారన్నది నాకు చరిత్ర పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక నవల వల్ల తెలిసింది.

కొన్నేళ్ళ క్రితం అమెరికా నుంచి ఇండియా వెళ్తూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక రోజు ఆగాం. ఊళ్ళో సింగెల్ అనే కాలవ మీద ఒక వెడల్పాటి వంతెన ఉంది. దాని మీద పెద్ద తలతో ఒక విగ్రహం. ఎవరో సేనాపతో, మంత్రో అనుకున్నాను. పేరు చూస్తే ముల్తాతూలి. పక్కనే కాఫీ అమ్ముతున్న కుర్రాణ్ణి అడిగాను. “రచయిత. మాకు బళ్ళో పాఠం. చదవక తప్పలేదు,” అని నవ్వాడు.

ఇంటికి తిరిగి వచ్చాక ఆ ‘పాఠం’ ఇంగ్లీషు అనువాదంలో చదివాను. రాసిన మనిషి కథ కూడా వెతుక్కుని చదివాను. చదివిన కొద్దీ ఆ కుర్రాడి మాటే గుర్తొచ్చింది. దేశాన్ని కుదిపెయ్యాలని రాసిన ఒక ఫిర్యాదు, చివరికి పిల్లలు మార్కుల కోసం చదివే పాఠమైంది. ఎవరికి ఫిర్యాదు చేశాడో వాళ్ళు దాన్ని మెచ్చుకున్నారు, కాని వినలేదు. ముల్తాతూలి జీవితంలో అసలు బాధ ఇదే.

ఓడ కెప్టెను కొడుకు

ఆయన అసలు పేరు ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్. 1820 మార్చి 2న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ఇరుకు సందులో పుట్టాడు. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన పేరు మీద మ్యూజియం. తండ్రి ఓడ కెప్టెను. కుర్రవాణ్ణి లాటిను బడిలో వేశారు కాని చదువు సాగలేదు. ఒక బట్టల కంపెనీలో గుమాస్తాగా పెడితే అక్కడా నిలవలేదు. 1838లో తండ్రి తన ఓడలోనే ఎక్కించుకుని తీసుకుపోయి, 1839 జనవరిలో బతావియాలో దింపాడు. పద్ధెనిమిదేళ్ళ కుర్రాడికి సర్కారు లెక్కల కచేరీలో ఉద్యోగం దొరికింది.

మన కుర్రాళ్ళు దేశం దాటి వెళ్ళి ఉద్యోగాల్లో పైకి రావడం మనకి తెలిసిన విషయమే. ఎడ్వర్డ్ కూడా పైకి వచ్చాడు, కాని తిన్నగా రాలేదు. 1842లో సుమత్రా పడమటి తీరంలో ఒక చిన్న ఊరికి అధికారిగా వెళ్ళాడు. పద్దుల్లో సొమ్ము తక్కువ తేలింది. దొంగతనం కాదు, అజాగ్రత్త. పై అధికారి ఉద్యోగం నుంచి తప్పించి, పాడాంగ్‌లో జీతం లేకుండా నెలల తరబడి కూచోబెట్టాడు. తిండికి కూడా కటకటపడ్డాడు. 1846లో టీనే అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ తరవాత మెనాదోలో, అంబోన్‌లో మంచి పదవులు చేశాడు. 1852లో సెలవు మీద స్వదేశం వెళ్ళి, జూదమాడి, దానధర్మాలు చేసి, అప్పుల్లో మునిగి 1855లో జావాకి తిరిగి వచ్చాడు.

ఇవన్నీ ఎందుకు చెపుతున్నానంటే, ఈయన మహాత్ముడు కాడు. చేతిలో డబ్బు నిలవదు, నోట్లో మాట ఆగదు. పొగరుమోతు. తను చేసే పని గొప్పదని తనకి గట్టి నమ్మకం. ఇలాంటి మనిషిని 1856 జనవరిలో పడమటి జావాలోని లెబాక్ అనే జిల్లాకి అసిస్టెంట్ రెసిడెంటుగా వేశారు. మన లెక్కలో సబ్‌కలెక్టరు లాంటి పదవి.

జావా సొమ్ము

లెబాక్ కథలోకి వెళ్ళే ముందు ఆ రోజుల్లో జావా ఎలా నడిచేదో కొంచెం చెప్పుకోవాలి.

1830లో యోహానెస్ ఫాన్ డెన్ బాష్ అనే గవర్నర్ జనరల్ ఒక పద్ధతి పెట్టాడు. జావా రైతు తన ఊరి భూమిలో ఐదో వంతు సర్కారు చెప్పిన పంటకి ఇవ్వాలి. భూమి లేనివాడు ఏడాదికి 66 రోజులు పని చెయ్యాలి. పంట అంటే కాఫీ, చెరుకు, నీలిమందు. ఆ సరుకు నెదర్లాండ్స్ వ్యాపార సంఘం ఓడల్లో హాలండు చేరి, అక్కడ వేలంలో అమ్ముడుపోయేది. కాగితం మీద చూస్తే ఇది ఘోరంగా కనపడదు. ఆచరణలో ఐదో వంతు ఐదో వంతుగా ఉండలేదు, 66 రోజులు 66గా ఉండలేదు. పంట ఎంత ఎక్కువ పండిస్తే అందులో డచ్చి అధికారికీ, జావా దొరకీ అంత కమీషను. ఇద్దరికీ లాభం ఉన్నప్పుడు రైతు మొర వినేవాడెవడు? వరి వెయ్యవలసిన భూమి, వరి కొయ్యవలసిన చేతులు ఈ పంటలకి పోయాయి. 1849-50లో మధ్య జావాలో డెమాక్, గ్రోబోగన్ ప్రాంతాల్లో కరువొచ్చి జనం మలమల మాడి చచ్చిపోయారు.

అదే కాలంలో హాలండు ఖజానా నిండింది. 1850ల్లో ఆ దేశపు ప్రభుత్వ ఆదాయంలో ఇంచుమించు మూడో వంతు జావా నుంచి వచ్చిందే. 1831 నుంచి 1877 దాకా చేరిన మిగులు మొత్తం ఎనభై కోట్ల గిల్డర్ల పైచిలుకు. ఆ సొమ్ముతో దేశం అప్పులు తీర్చుకుంది, రైలు దారులు వేసుకుంది. 1863లో సురినామ్‌లో బానిసత్వం రద్దు చేసినప్పుడు బానిసల యజమానులకిచ్చిన పరిహారానికీ ఈ సొమ్మే ఆధారమైంది. ఒక వలసలో బానిసల్ని విడిపించడానికి ఇంకొక వలసలో రైతు చేత వెట్టి చేయించారన్నమాట.

పాలన రెండు అంచెలు. పైన డచ్చి రెసిడెంటు, అతని కింద అసిస్టెంట్ రెసిడెంటు. పక్కన జావా ప్రభువు. ఇతన్ని డచ్చివాళ్ళు రీజెంటు అనేవారు. రెసిడెంటు అన్నగారు, రీజెంటు తమ్ముడు అన్నది మర్యాద. లెబాక్ రీజెంటు బిరుదు ‘రాదెన్ అదిపతి’, పేరు కర్త నతనగర. అధిపతి, నగర అన్న మాటలు మనకి ఎవరూ అర్థం చెప్పక్కరలేదు.

లెబాక్‌లో ఒక నెల

లెబాక్ బీద జిల్లా. అక్కడ కాఫీ, చెరుకు పెద్దగా లేవు. రీజెంటుకి వచ్చే రాబడి కొంచెం, బంధుజనం, పరివారం ఎక్కువ. దర్జా తగ్గకూడదు. అంచేత ఊళ్ళ మీద పడ్డారు. లెక్కకి మించి జనాన్ని వెట్టికి పిలిచేవారు. రైతుల దున్నపోతుల్ని తోలుకుపోయేవారు, డబ్బివ్వరు. అడిగే దిక్కు లేదు. అడిగినవాడు ఊరు వదిలి పారిపోవాలి.

డెక్కర్ కంటే ముందు ఆ పదవిలో ఉన్న అధికారి కరోలస్. కొన్ని నెలల ముందు హఠాత్తుగా చనిపోయాడు. కచేరీలో అతని కాగితాలు చూస్తే ఈ అన్యాయాలన్నీ రాసిపెట్టి ఉన్నాయి. తన భర్తకి విషం పెట్టారని అతని భార్యకి అనుమానం. అది ఎన్నడూ రుజువు కాలేదు. డెక్కర్ మాత్రం నమ్మాడు. తనకీ భార్యాబిడ్డలు ఉన్నారు.

పదవి తీసుకునేటప్పుడు దేశీయ ప్రజల్ని దోపిడి నుంచి కాపాడతానని ప్రమాణం చెయ్యాలి. అందరూ చేసేవారు, చేసి మరిచిపోయేవారు. ఈయన మరిచిపోలేదు. వచ్చిన నెలకి, ఫిబ్రవరి 24న, పై అధికారి బ్రెస్ట్ ఫాన్ కెంపెన్‌కి ఉత్తరం రాశాడు: రీజెంటు అధికారాన్ని దుర్వినియోగం చేస్తున్నాడు, విచారణ పూర్తయ్యేదాకా అతన్ని జిల్లాలో లేకుండా చెయ్యండి, లేకపోతే సాక్షులు నోరు విప్పరు.

రెసిడెంటు హడలిపోయాడు. రుజువులు చూపించమన్నాడు. రీజెంటు ఇక్కడుండగా చూపిస్తే సాక్షుల ప్రాణానికి ముప్పు అన్నాడు డెక్కర్. వ్యవహారం గవర్నర్ జనరల్ డౌమార్ ఫాన్ ట్విస్ట్ దాకా వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు, నెమ్మదస్తుడు. పదవి ముగించుకుని ఇంటికి వెళ్ళబోతున్నాడు. డెక్కర్‌ని మందలించి, మరో ఊరికి బదిలీ చేశాడు. డెక్కర్ రాజీనామా ఇచ్చేశాడు. ముఖాముఖి చెప్పుకుంటానని వెళితే దర్శనం దొరకలేదు. పదిహేడేళ్ళ ఉద్యోగం మూడు నెలల్లో ముగిసింది.

ఆ తరవాత సర్కారే విచారణ చేయించింది. ఆరోపణల్లో నిజముందని తేలింది. కింది ఉద్యోగులు కొందరు పదవులు పోగొట్టుకున్నారు. రీజెంటుని మందలించి వదిలేశారు, పదవిలోనే కొనసాగాడు. నిజం చెప్పినవాడు మాత్రం 1857లో ఐరోపాకి తిరిగి వచ్చి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. జూదంలో గెలుస్తానని జర్మనీలో జూదశాలలకి కూడా వెళ్ళాడు. అక్కడ ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు.

బ్రసెల్స్‌లో శరదృతువు

1859 శరదృతువులో బ్రసెల్స్ నగరంలో ఒక చవక సత్రంలో దిగాడు. భార్య, పిల్లలు అన్నగారింట్లో ఉన్నారు. ఆ గదిలో ఇంచుమించు ఒక నెలలో నవల పూర్తి చేశాడు. ‘మాక్స్ హావెలార్, లేక నెదర్లాండ్స్ వ్యాపార సంఘపు కాఫీ వేలాలు’ అన్నది పేరు. రచయిత పేరు ముల్తాతూలి. లాటినులో దానికి ‘నేను చాలా భరించాను’ అని అర్థం.

పేరు చూసి కాఫీ వ్యాపారం మీద పుస్తకం అనుకున్నా తప్పులేదు. రచయిత కోరుకున్నదీ అదే. కథ చెప్పేవాడు జావాలో కష్టపడ్డ హావెలార్ కాదు, ఆమ్‌స్టర్‌డామ్‌లో లారియర్ కాలవ ఒడ్డున 37వ నంబరు ఇంట్లో ఉండే ద్రోగ్‌స్తోపెల్ అనే కాఫీ దళారి. ఆ మాటకి అర్థం ఎండు కొయ్యకాలు. చర్చికి తప్పకుండా వెళతాడు. లెక్కలు సరిగా రాస్తాడు. కవిత్వం అబద్ధం కాబట్టి పాపమంటాడు. ఒకనాడు వీధిలో చిన్ననాటి స్నేహితుడు కనిపిస్తాడు. చలికాలంలో కోటు లేదు, శాలువా కప్పుకున్నాడు. అందుకని ఇతనికి శాలువా మనిషి అని పేరు పెడతాడు. ఆ శాలువా మనిషి ఒక కాగితాల మూట పంపి, అచ్చు వేయించడానికి సాయం చెయ్యమంటాడు. మూటలో ప్రపంచంలో ఉన్న విషయాలన్నిటి మీదా వ్యాసాలున్నాయి. దళారి వాటిని తిరగేసి, కాఫీ సంగతులున్నవి మాత్రం పనికొస్తాయని పక్కన పెడతాడు. తన ఇంట్లో ఉండే స్టెర్న్ అనే జర్మన్ కుర్రాడికి వాటితో పుస్తకం రాసే పని అప్పగిస్తాడు. ఆ కుర్రాడు మూటలోంచి కాఫీకి బదులు హావెలార్ కథ బయటికి తీస్తాడు. దళారి మధ్యమధ్యలో వచ్చి, ఇదంతా దండగ, కాఫీ ఎక్కడ అని విసుక్కుంటూ ఉంటాడు. చదివేవాడికి నవ్వొస్తుంది. ఆ వెంటనే ఒక అనుమానం వస్తుంది: నేను కూడా కాఫీ కోసమే చదువుతున్నానా?

ఈ కథలోనే ఇంకొక చిన్న కథ ఉంది. సైజా, అదిందా అనే ఇద్దరు పల్లెటూరి పిల్లల కథ. సైజా తండ్రి దున్నపోతుని అధికారులు తోలుకుపోయారు. పెద్దలనాటి కత్తి అమ్మి రెండోదాన్ని కొన్నాడు. ఆ దున్నపోతు పిల్లవాణ్ణి పెద్దపులి నోట్లోంచి కాపాడింది. దాన్నీ తోలుకుపోయి కోసేశారు. భార్య పుట్టింటి వెండి సామాను అమ్మి మూడోదాన్ని కొన్నాడు. అదీ పోయింది. తల్లి దిగులుతో చచ్చిపోయింది. పారిపోయిన తండ్రి కొరడాదెబ్బలు తిని పోయాడు. సైజా మూడేళ్ళు బతావియాలో పనిచేసి, దున్నపోతులు కొనేటంత సంపాదించుకుని వస్తానని అదిందాకి చెప్పి వెళతాడు. ఆమె అమావాస్య వెళ్ళిన ప్రతిసారీ వడ్లు దంచే రోలు మీద ఒక గాటు పెడుతుంది. గడువు తీరాక ఊరి బయట కెతపాంగ్ చెట్టు కింద కలుసుకోవాలి. కెతపాంగ్ అంటే మన వైపు బళ్ళలోనూ, పెరళ్ళలోనూ ఉండే నాటుబాదం చెట్టు. సైజా వచ్చి ఆ చెట్టు కింద రాత్రంతా కూచుంటాడు. అదిందా రాదు. వాళ్ళ దున్నపోతునీ తోలుకుపోతే, తండ్రి పిల్లల్ని తీసుకుని సముద్రం దాటి తిరుగుబాటుదారుల్లో కలిశాడు. సైజా వెతుక్కుంటూ వెళతాడు. డచ్చి సైన్యం తగలబెట్టిన పల్లెలో ఆమె శవం దొరుకుతుంది. అతను సైనికుల బాయినెట్ల మీద పడి చచ్చిపోతాడు.

ఈ ఇద్దరూ నిజంగా ఉన్నారో లేదో తనకి తెలియదని రచయితే కథలో ఒప్పుకుంటాడు. దున్నపోతులు పోవడం మాత్రం కల్పన కాదంటాడు. నవల చివర దళారినీ, స్టెర్న్‌నీ గెంటేసి ముల్తాతూలి తనే కలం పట్టుకుంటాడు. హాలండు రాజు మూడో విలియంని పేరుపెట్టి పిలిచి, ఇదంతా నీ పేరు మీదే జరుగుతోంది, నీకు ఇష్టమేనా అని నిలదీస్తాడు.

మెచ్చుకోవడం వేరు, వినడం వేరు

ఆ రోజుల్లో పేరుమోసిన రచయిత, న్యాయవాది యాకోబ్ ఫాన్ లెనెప్ చేతికి ఈ రాతప్రతి వెళ్ళింది. ఆయనకి తెగ నచ్చింది. భయం కూడా వేసింది. మొదట మంత్రితో బేరం నడిచింది: ఇతనికి ఏదైనా ఉద్యోగమిస్తే పుస్తకం రాకుండా ఉంటుంది కదా! ఇక్కడ ముల్తాతూలి కూడా కడిగిన ముత్యం కాదు. జావాలో రెసిడెంటు పదవి, పోయిన సర్వీసు, ఒక బిరుదు ఇస్తే పుస్తకం ఆపుతానన్నాడు. సర్కారు ఒప్పుకోలేదు. వాళ్ళు ఒప్పుకుని ఉంటే ఈ నవల ఏ బీరువాలోనో చెదలు తినేది. ఒక గొప్ప పుస్తకం బయటికి రావడానికి రచయిత ధైర్యం ఒక్కటే కాదు, సర్కారు పిసినారితనం కూడా కారణమైంది.

1860 మే నెలలో నవల అచ్చయింది. ఐదు వందల గిల్డర్లు ఇచ్చి హక్కులు తన పేర రాయించుకున్న ఫాన్ లెనెప్, ఊళ్ళ పేర్లు, తేదీలు తీసేసి చుక్కలు పెట్టించాడు. జిల్లా పేరు లేని ఫిర్యాదు మీద ఎవరు విచారణ చేస్తారు? ధర కూడా సామాన్యుడికి అందనంత పెట్టారు. రచయిత కోర్టుకెక్కి ఓడిపోయాడు. చుక్కల చోట పేర్లు పూరించి తన ఇష్టప్రకారం అచ్చు వేసుకోవడానికి 1875 దాకా ఆగవలసి వచ్చింది.

అయినా పుస్తకం దేశమంతా పాకింది. దీనితో దేశం ఉలిక్కిపడిందని పార్లమెంటులో ఒక సభ్యుడు చెప్పాడు. కాని లెబాక్ విషయం మళ్ళీ తెరవలేదు. ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. చాలామంది చెప్పిన మాట ఒకటే: ఎంత బాగా రాశాడు! ఆ మెప్పు ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. ఇల్లు తగలబడుతోందని అరిచినవాడి గొంతు ఎంత బాగుందో అన్నట్టు ఉందది.

ఆయనని తలకెత్తుకున్నవాళ్ళు లేకపోలేదు. ఉదారవాదులు ఆయన పుస్తకం చూపించి సర్కారు పంటలు తీసెయ్యాలన్నారు. 1870లో కొత్త చట్టాలు వచ్చి ఆ పద్ధతి క్రమంగా పోయింది. దాని స్థానంలో ప్రైవేటు తోటల కంపెనీలు వచ్చాయి. రైతు నెత్తిన కూచున్నవాడు మారాడు కాని రైతు లేవలేదు. ఇది జరుగుతుందని ముల్తాతూలి 1862లోనే ఒక చిన్న పుస్తకం రాసి హెచ్చరించాడు.

మనకి తెలిసిన కథే

లెబాక్ కథ చదువుతున్నప్పుడు నాకు మన జిల్లాలు గుర్తొచ్చాయి. శిస్తు వసూలు కోసం మద్రాసు రాజధానిలో రైతుల్ని హింస పెడుతున్నారని గొడవైతే, 1854లో ఒక సంఘాన్ని వేశారు. 1855లో, అంటే లెబాక్ వ్యవహారానికి ఒక్క ఏడాది ముందు, ఆ సంఘం నివేదిక ఇచ్చింది. వేళ్ళు చెక్కల మధ్య నొక్కడం, మెడ వంచి కాళ్ళకి కట్టి ఎండలో నిలబెట్టడం అన్నీ నిజమేనని ఒప్పుకుంది. తప్పు మాత్రం ఎక్కువగా దేశీయ ఉద్యోగుల మీద పెట్టింది. శిస్తు ఇంత అని నిర్ణయించిన దొరలు మంచివాళ్ళుగానే మిగిలారు.

ముల్తాతూలి మీద ఉన్న గట్టి విమర్శ కూడా ఇలాంటిదే. ఆయన నిలదీసింది మొట్టమొదట జావా రీజెంటుని. ఊరి జనం ప్రభువుకి చాకిరీ చెయ్యడం అక్కడి పాత ఆచారమనీ, అందులో ఎంతవరకు మర్యాద, ఎక్కడి నుంచి దోపిడి అన్నది కొత్తగా వచ్చిన ఆయనకి నెల రోజుల్లో తెలియదనీ రాబ్ నియూవెన్‌హౌస్ వంటి విమర్శకులు తరవాత రాశారు. ఇందులో కొంత నిజముంది. ఇంకొకటి కూడా ఉంది. డచ్చివాళ్ళు జావా వదిలి వెళ్ళిపోవాలని ఆయన ఎన్నడూ అనలేదు. న్యాయంగా ఏలాలన్నాడు, ఆ ఏలేవాడు తనైతే మరీ మంచిదనుకున్నాడు.

కాని మద్రాసు నివేదికకీ ఈ నవలకీ ఒక తేడా ఉంది. నివేదిక కింది ఉద్యోగి దగ్గర ఆగిపోయింది. నవల ఆగలేదు. దున్నపోతుని తోలుకుపోయిన జావా ఉద్యోగి దగ్గర మొదలై, చూసీ చూడనట్టు ఊరుకున్న రెసిడెంటు, ఫైలు కట్టేసిన గవర్నర్ జనరల్, కాఫీ అమ్ముకున్న దళారి మీదుగా రాజు దాకా వెళ్ళింది. అదే 1860లో బెంగాల్‌లో దీనబంధు మిత్ర నీలిమందు రైతుల బాధల మీద ‘నీల్‌దర్పణ్’ నాటకం రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించినందుకు జేమ్స్ లాంగ్ అనే పాదరీకి నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. ముల్తాతూలిని ఎవరూ జైల్లో పెట్టలేదు. పొగిడి పక్కన పెట్టారు. ఏది పెద్ద శిక్షో చెప్పలేను.

ఆ తరవాత

1862 నుంచి 1877 దాకా ‘భావాలు’ అనే అర్థం వచ్చే పేరుతో ఏడు సంపుటాలు రాశాడు. అందులో మతం, రాజకీయం, స్త్రీల హక్కులు, చదువు, అన్నీ ఉన్నాయి. వౌటర్ అనే పిల్లవాడి కథ కూడా వాటిలోనే ముక్కలు ముక్కలుగా వచ్చింది. సంసారం మాత్రం సుఖపడలేదు. ఆయన గొప్పతనాన్ని మొదట నమ్మిన టీనే అప్పులతో, భర్త వేరే ప్రేమలతో విసిగి, పిల్లల్ని తీసుకుని ఇటలీ వెళ్ళిపోయి 1874లో వెనిస్‌లో చనిపోయింది. ‘చాలా భరించాను’ అన్న పేరు న్యాయంగా ఆవిడకే చెల్లుతుందేమో. ఆ మరుసటి ఏడు ఆయన మిమి అనే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. చివరి రోజులు జర్మనీలో నీడర్ ఇంగెల్‌హైమ్‌లో గడిపి, 1887 ఫిబ్రవరి 19న పోయాడు. ఆయన్ని గోథా నగరంలో దహనం చేశారు. మనకి సహజమైన ఈ పని అప్పట్లో హాలండులో జరిగే వీలు లేదు. అలా దహనం పొందిన మొదటి డచ్చివాడు ఆయనే.

ఆయన మాట విన్నవాళ్ళు ఆయన పోయాక పుట్టుకొచ్చారు, అదీ ఆయన అనుకోని చోట. జావాలో జెపారా రీజెంటు కూతురు కార్తిని, అంటే ముల్తాతూలి నిందించిన వర్గంలోనే పుట్టిన పిల్ల, ఆయన పుస్తకాలు ఇష్టంగా చదివింది. ఆడపిల్లల చదువు కోసం పాటుపడి, 1904లో ఇరవై అయిదేళ్ళకే కన్నుమూసింది. నేడు ఇండొనేషియా ఆమెని జాతీయ వీరనారిగా తలుచుకుంటుంది. జావాకి హాలండు రుణపడి ఉందన్న వాదం పెరిగి, 1901లో ‘నైతిక విధానం’ అని ఒక కొత్త పాలసీ ప్రకటించారు. దానితో వచ్చిన బళ్ళలో చదువుకున్న కుర్రాళ్ళే తరవాత స్వాతంత్ర్యం అడిగారు. ముల్తాతూలి అన్నగారి మనవడు ఎర్నెస్ట్ డౌవెస్ డెక్కర్ 1912లో ఇండొనేషియా స్వాతంత్ర్యం కోసం పార్టీ పెట్టి దేశబహిష్కారం పొందాడు. న్యాయంగా ఏలండి అని అన్నగారి తమ్ముడు అడిగితే, అసలు ఏలడమెందుకు అని మనవడు అడిగాడు.

వలస పాలనని చంపిన పుస్తకం ఇదేనని ఇండొనేషియా మహారచయిత ప్రమూద్య అనంత తూర్ 1999లో రాశాడు. సుహార్తో సర్కారు పదేళ్ళు బురు దీవిలో బంధించిన మనిషి అన్న మాట అది. తేలిగ్గా తీసుకోలేం. 1976లో ఈ నవలని సినిమాగా తీస్తే, అదే సర్కారు చాలా ఏళ్ళు తన దేశంలో ఆడనివ్వలేదు. 2002లో డచ్చి సాహిత్య సంఘం తమ భాషలో ముఖ్యమైన రచనల్లో దీనికి మొదటి స్థానం ఇచ్చింది. 2018లో లెబాక్ ముఖ్యపట్నం రంకస్‌బితుంగ్‌లో ముల్తాతూలి మ్యూజియం తెరిచారు. ఆయన్ని పంపేసిన ఊరే ఆయనకి ఇల్లు కట్టింది.

ఇంకొక వారసత్వం మన వంటింటి దాకా వచ్చింది. 1988లో హాలండులో కొందరు మెక్సికో కాఫీ రైతులకి గిట్టుబాటు ధర హామీ ఇచ్చి, ఆ కాఫీ పొట్లాం మీద ఒక గుర్తు వేశారు. గుర్తు పేరు ‘మాక్స్ హావెలార్’. ఈనాడు అమెరికాలోనూ, ఐరోపాలోనూ దుకాణాల్లో కనపడే ఫెయిర్ ట్రేడ్ ముద్రలకి అది ముందునడక. కాఫీ వేలాల మీద కోపంతో రాసిన పుస్తకంలోని మనిషి పేరు కాఫీ పొట్లాం మీదికి ఎక్కింది. ద్రోగ్‌స్తోపెల్ చూస్తే, చివరికి కాఫీకి పనికొచ్చాడు కదా అని సంతోషించేవాడేమో.

మనలో చాలామందిమి నిక్కచ్చిగా పని చేసుకునేవాళ్ళం. లెక్కలు సరిగా రాస్తాం, గుడికి వెళతాం, పిల్లల చదువు చూసుకుంటాం. దళారికి ఉన్న గుణాలన్నీ మనకీ ఉన్నాయి. అప్పుడప్పుడు మన గుమ్మంలోకి కూడా ఒక మూట వస్తుంది. ఊరి నుంచి ఒక ఉత్తరం, ఆఫీసులో ఒక ఫైలు, మనం తొడుక్కునే చొక్కా ఎక్కడ కుట్టారన్న వార్త. అందులోంచి మనకి పనికొచ్చే కాగితాలు ఏరుకుని మిగిలినవి పక్కన పెట్టడం నాకూ అలవాటే.

కిందటిసారి బందరు వెళ్ళినప్పుడు డచ్చివాళ్ళ సమాధులు చూడటానికి వెళ్ళాను. ఆటో కుర్రాడు వలందపాలెం తెలుసు కాని వలందులెవరో తెలియదన్నాడు. నాకు తెలిసింది చెప్పాను. రాళ్ళ మీద పేర్లు, తేదీలు, కులచిహ్నాలు మూడు వందల ఏళ్ళు దాటినా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాళ్ళు కొన్న బట్టలు నేసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. బానిసలుగా ఓడ ఎక్కినవాళ్ళ పేర్లు అంతకన్నా లేవు. జావాలో దున్నపోతులు పోగొట్టుకున్నవాళ్ళ సంగతీ అంతే అయ్యేది. అప్పులపాలైన ఒక మాజీ ఉద్యోగి, ఒక సత్రంలో కూచుని, వాళ్ళకి రెండు పేర్లు పెట్టాడు. సైజా, అదిందా. ఆ పేర్లు ఇప్పటికీ హాలండు బళ్ళలో పిల్లలు చదువుతున్నారు, చదవక తప్పదు కాబట్టి అయినా సరే.